బండిని కాటా ఎక్కించిన రోజు

పోయిన సంచికలో ప్రయాణాలకు వెంట ఉంచుకోవలసిన మందుల పెట్టె గురించి ముచ్చటించుకున్నాం. "మందుల సంగతి బాగానే ఉంది, బండిలో సామాను ఎలా సర్దుకోవాలో కూడా రాయండి" అని సోలాపూరు నుంచి ఒక సోదరి, బరంపురం నుంచి ఒక పెద్దాయన ఉత్తరాలు రాశారు. వేసవి సెలవులు, పెళ్లి ముహూర్తాలు, తీర్చుకోవలసిన మొక్కులు అన్నీ ఒక్కసారే వచ్చిపడే కాలమిది. అందుకని ఈసారి ఆ సంగతే. అయితే పట్టుచీర నలగకుండా మడత పెట్టడమెలా అన్నది నాకు తెలియని విద్య. బండి ఎంత మోయగలదు, మనం ఎంత ఎక్కించాం, ఎక్కడ పెట్టాం, ఈ మూడు ప్రశ్నల వరకే చెబుతాను. అదైనా నేను పుస్తకం చదివి నేర్చుకున్నది కాదు. మా చిన్నాయన నేర్పింది.

మేం కోలారు వాళ్లం. మొన్న మే నెలలో మా మనవడికి తిరుమలలో పుట్టువెంట్రుకలు తీయించాలని బయల్దేరాం. బండి మా అబ్బాయిది, ఏడు సీట్లది. మేమిద్దరం, అబ్బాయి, కోడలు, వియ్యంకుడు, వియ్యపురాలు, ఏడాది నిండిన బుడ్డోడు. సీట్లు ఏడు, మనుషులం ఏడుగురం, ఇంకేం కావాలి అనుకున్నాం. తిరుపతిలో సత్రంలో గదులు తీసుకున్నాం. చిత్తూరు వైపు నుంచి వచ్చే చుట్టాలకు అక్కడే స్వయంగా వండిపెట్టాలని మా ఆవిడ సంకల్పం. దాంతో బియ్యం పాతిక కిలోలు, పప్పులు, నూనె, కూరగాయలు మరో పాతిక కిలోలు, అండాలు, గరిటెలు, బేసిన్లు, పక్కబట్టల మూటలు అన్నీ బండి నెత్తికెక్కాయి. వెనక డిక్కీలోను, సీట్ల సందుల్లోను సూట్‌కేసులు, చిరుతిళ్ల డబ్బాలు, మూడు నీళ్ల క్యాన్లు, నిండు గ్యాసు బండ. చోటు చాలక చంటివాడి సీటు తీసి ఇంట్లో పెట్టేశాం. ఒళ్లో కూర్చోబెట్టుకుంటాంలే అన్నారు ఆడవాళ్లు.

తెల్లవారుజామున దీవించడానికి వచ్చిన చిన్నాయన దీవించకుండా బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. ఆయన ముప్పై ఏళ్లు లోడు లారీ నడిపిన మనిషి. వెనక చక్రం దగ్గర వంగి చూసి, "ఏమప్పా, తోక దించేసింది గదా బండి. కాటా వేయించినారా?" అన్నాడు.

మా అబ్బాయి నవ్వాడు. "లారీ కాదు తాతా, కారు!"

"కారుకు బరువు ఉండదా?"

అంతే, ఆయన కూడా ఎక్కబోయాడు. ఆయన ఎక్కితే లెక్క తప్పుతుందని తనకే తోచి, స్కూటరు మీద వెనకాలే వచ్చాడు. టమాటా మార్కెట్టు దగ్గర వేబ్రిడ్జి రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది. కోలారు టమాటా లారీల సంగతి తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. మహారాష్ట్రలో మనవాళ్లు దీన్నే వజన్ కాటా అంటారు, హిందీ ఊళ్లలో ధర్మకాంటా, తమిళనాడులో బోర్డు మీద ఎడై మేడై అని ఉంటుంది. పేరు ఏదైతేనేం, మార్కెట్ యార్డుల పక్కనా ఊరి పొలిమేర రోడ్ల మీదా వెతికితే కనిపిస్తుంది. కారు తెచ్చామని కాటా అతను వింతగా చూశాడు గాని కాదనలేదు. తీసుకున్న రుసుము ఒక పూట కాఫీ టిఫిన్ల ఖర్చంత కూడా కాదు.

వియ్యపురాలు మొహమాటంగా "మేం దిగి నిలబడతాం" అన్నారు. చిన్నాయన ఒప్పుకోలేదు. "రోడ్డు మీద దిగి నడుస్తారా అమ్మా? మనుషులతోనే వేయాల." ఇది గుర్తుంచుకోండి. ప్రయాణంలో ఎలా ఉంటామో అలాగే తూకం వేయించాలి. అందరూ ఎక్కి, ట్యాంకు నిండా పెట్రోలుతో, అన్ని మూటలతో. ఆడవాళ్ల బరువు విడిగా ఎవరికీ తెలియకుండా మొత్తంలో కలిసిపోతుంది కనుక ఎవరూ నొచ్చుకునే పనీ లేదు!

తూకం ఒక్కసారి వేయిస్తే చాలదన్నాడు. ముందు చక్రాలు మాత్రం పళ్లెం మీదికి రాగానే ఒకసారి ఆపించాడు. 830 కిలోలు. తర్వాత బండి మొత్తం ఎక్కించాడు. 1,990. అంటే వెనక ఇరుసు మీద పడుతున్నది 1,160. ఈ తీసివేత పనికి రావాలంటే పళ్లెం, పక్క నేల ఒకే మట్టంలో ఉండాలి. ఎత్తుపల్లాలుంటే లెక్క తప్పుతుంది.

ఇంతకీ 1,990 ఎక్కువా తక్కువా? మా బండి పుస్తకంలో రెండు అంకెలు ఉన్నాయి. ఒకటి కెర్బ్ వెయిట్, అంటే నిండు ఇంధనంతో, మనుషులూ సామానూ లేని ఖాళీ బండి బరువు, 1,205. రెండవది గ్రాస్ వెహికల్ వెయిట్, అంటే అన్నీ కలిపి దాటకూడని హద్దు, 1,785. ఈ రెండింటికీ మధ్య తేడా 580 కిలోలు. అందులోనే మనుషులు, అందులోనే సామాను. ఆరుగురు పెద్దలకీ బుడ్డోడికీ కలిపి సుమారు 400 పోగా మిగిలింది 180. మేం ఎక్కించింది 385. ఏడు సీట్లు ఉన్నాయంటే ఏడుగురు మనుషులకూ, ఏడుగురి సామానుకూ బండి ఒప్పుకుందని కాదు అర్థం. సీట్లు నిండేకొద్దీ సామానుకు మిగిలేది తగ్గిపోతుంది. ఇంత తేలిక లెక్క నేను అప్పటిదాకా ఒక్కసారీ వేయలేదు. మీ బండి అంకెలు మీ పుస్తకంలో చూసుకోండి. ఆర్‌సీ కార్డు మీద అన్‌లేడెన్ వెయిట్ అనీ, బండికి బిగించిన పలక మీద మొత్తం బరువు అనీ కూడా ఉండవచ్చు.

చిన్నాయన తర్వాత చేసిన పని నాకింకా కళ్లకు కట్టినట్టుంది. టైరు పక్కన మోకాళ్ల మీద కూర్చుని, చేతి రుమాలుతో దుమ్ము తుడిచి, సైజు అంకెల చివర ఉన్న 88 అనే అంకెను వేలితో చూపించాడు. అది ఆ టైరు మోయగల బరువుకు గుర్తు. 88 అంటే 560 కిలోలు. అలాగే 82 ఉంటే 475, 91 ఉంటే 615, 95 ఉంటే 690. వెనక రెండు టైర్లూ కలిపి 1,120 మోయగలవు. మేం వాటి మీద పెట్టింది 1,160. అంటే బండి హద్దు దాటడమే కాదు, టైర్ల ఓర్పు కూడా దాటేశాం. అదీ గాలి నిండుగా ఉంటేనే ఆ 560. గాలి తగ్గితే మోసే శక్తీ తగ్గుతుంది.

టైరు పేలడానికి మేకులూ రాళ్లే కారణం అనుకుంటాం. చాలాసార్లు అసలు కారణం వేడి. బరువెక్కువై గాని, గాలి తక్కువై గాని ఉన్న టైరు నేలకు తగిలిన చోటల్లా పక్కలు నలిగి మళ్లీ సాగుతుంది. చక్రం తిరిగిన ప్రతిసారీ ఇదే తంతు. ఆ నలుగుడుకే లోపల వేడి పుడుతుంది. మే నెల రోడ్డు, గంటకు తొంభై కిలోమీటర్ల వేగం తోడైతే ఎక్కడో ఒకచోట పొరలు విడిపోతాయి. డ్రైవరు తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద గాలి ఎంత ఉండాలో తెలిపే చీటీ అంటించి ఉంటుంది. ఇద్దరు ముగ్గురికైతే ఇంత, నిండు లోడుకైతే ఇంత అని చాలా బళ్లకు రెండు వరసలు రాసి ఉంటాయి. మనం జన్మలో చూసేది మొదటి వరసే. గాలి పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. స్టెప్నీ టైరును మరిచిపోకూడదు. టైరు మీద చిన్న గడిలో ఉండే నాలుగంకెలు అది తయారైన వారం, సంవత్సరం. 2319 అంటే 2019లో 23వ వారం. గీతలు బాగున్నా రబ్బరు ముసలిదై ఉండవచ్చు.

నెత్తి మీద సామాను సంగతి వేరే చెప్పాలి. పై క్యారియరు మీద ఎంత పెట్టవచ్చో కూడా పుస్తకంలో ఉంటుంది. మా బండికి 75 కిలోలు, క్యారియరు బరువుతో కలిపి. మేం పెట్టినది క్యారియరుతో 160. పైన బరువు పెరిగితే మలుపుల్లో బండి ఒక పక్కకు ఒరుగుతుంది, హఠాత్తుగా పక్కకు తిప్పితే నిలదొక్కుకోలేదు. తలమీద బిందె పెట్టుకున్న మనిషి మెల్లగా తిరుగుతుంది కదా, మన డ్రైవర్లు మాత్రం తిరగరు. ఇక వెనక్కి తోసి పెట్టిన బరువు చేసే అపకారం మరొకటి. వెనక ఇరుసు దాటి బరువు వేలాడితే, తక్కెడలో ఒక పక్క దిగినప్పుడు రెండో పక్క లేచినట్టు, ముందు చక్రాల మీద ఒత్తిడి తగ్గుతుంది. స్టీరింగు తేలిపోతుంది. రాత్రిపూట దీపాలు పైకి లేచి ఎదుటివాడి కళ్లలో కొడతాయి. స్టీరింగు పక్కన దీపాలు కిందికి దించే చిన్న చక్రం చాలా బళ్లకు ఉంటుంది, అది ఇందుకే. అందుకని బరువైనవి కింద, ఇరుసుల మధ్యకు, సీటు వెన్నుకు ఆనించి పెట్టాలి. తేలికవి పైన. ఎడమ కుడి సమానంగా.

ఇదంతా చిన్నాయన ఇంత వివరంగా కాటా దగ్గరే చెప్పాడనుకోకండి. ఆయన చెప్పింది నాలుగు మాటలు. మిగతాది తర్వాత పుస్తకం తీసి నేను సరిచూసుకున్నది. అక్కడ ఆయన అడిగింది ఒకటే: "ఆ ఇత్తడి అండా ఎందుకు ఎక్కించినావు?"

నాకు నోట మాట రాలేదు.

అది 1997 నాటి మాట. ఇలాగే మొక్కు తీర్చుకోవడానికి అద్దె వ్యాను మాట్లాడుకుని ఇంటిల్లిపాదీ బయల్దేరాం. పన్నెండు మంది పట్టే వ్యానులో పందొమ్మిది మందిమి. వంటసామానంతా వెనక సీటు వెనకాల, కట్టూ లేదు బంధమూ లేదు. ములబాగలు, పలమనేరు దాటి మొగిలి ఘాటు దిగుతుంటే బ్రేకుల కమురు వాసన మొదలైంది. బరువున్న బండి దిగేటప్పుడు పదే పదే బ్రేకు తొక్కితే అవి కాగిపోయి పట్టు వదిలేస్తాయి. డ్రైవరు బండి ఆపే లోపే వెనక టైరు పేలింది. వ్యాను కొండవైపు కాలువలో పడింది కాబట్టి బతికాం, లోయవైపు అయితే ఈ శీర్షిక రాసేవాళ్లు వేరే ఉండేవారు. ప్రాణాలు పోలేదు. కాని వెనక నుంచి ఆ ఇత్తడి అండా సీట్ల మీదుగా ఎగిరివచ్చి మా చిన్నమ్మ భుజానికి తగిలింది. ఎముక ముక్కలైంది. ఇప్పటికీ ఆమె కుడి చెయ్యి భుజం దాటి పైకి లేవదు. తల దువ్వుకోవాలంటే పక్కన ఇంకొకరు ఉండాలి.

"ముప్పై ఏండ్లు లోడు లారీ నడిపినోణ్ణి. గంటకొకసారి తాడు బిగించి చూసుకునేవాణ్ణి. ఆ పొద్దు వెనకాల ఏమి ఎక్కించినారని తిరిగి చూడలా, చుట్టాల బండి గదా అని" అన్నాడు చిన్నాయన. ఆయన ఆ రోజు డ్రైవరు పక్క సీటులో కూర్చున్నాడు. ఇన్నేళ్లలో ఆ మాట ఆయన నోట నేను వినడం అదే మొదటిసారి. మా అబ్బాయి అప్పటికి పుట్టలేదు. చిన్నవ్వ చెయ్యి అలాగే ఉంటుందనుకున్నాడేమో, ఆ పూట కథంతా విన్నాక మారుమాట్లాడకుండా బండి ఇంటివైపు తిప్పాడు.

కట్టని వస్తువు ఎంత ప్రమాదమో లెక్కగా చెబుతాను. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళుతున్న బండి దేన్నో గుద్దుకుని అర మీటరులో ఆగిపోయిందనుకోండి. లోపలున్న ప్రతి వస్తువూ తన బరువుకు సుమారు ఇరవై రెట్ల తోపుతో ముందుకు దూసుకెళుతుంది. పన్నెండు కిలోల అండా ఆ క్షణంలో 240 కిలోల దెబ్బ. పది కిలోల చంటివాడు 200 కిలోలు. ఏ తల్లి చేతులు ఆ బరువును పట్టి ఆపుతాయి? చంటివాడి సీటు తీసేసి గ్యాసు బండకు చోటిచ్చిన మమ్మల్ని ఏమనాలో మీరే అనండి. వెనక సీటులో ఉన్నవాళ్లూ బెల్టు పెట్టుకోవాలి.

ఇంటికొచ్చి దింపడం మొదలుపెట్టాం. బియ్యం, పప్పులు 50 కిలోలు. అండాలూ బేసిన్లూ 60. పక్కబట్టలు 30, సత్రంలో ఇస్తారు. రెండు నీళ్ల క్యాన్లు 40. లీటరు నీళ్లంటే కిలో అని చిన్నప్పుడే చదువుకున్నాం, ఇరవై లీటర్ల క్యాను ఎత్తేటప్పుడు తప్ప గుర్తు రాదు. తిరుపతిలో నీళ్లకు కరువా? పైగా కొండమీదికి ప్లాస్టిక్ సీసాల నీళ్లు తీసుకెళ్లనివ్వరు కూడా. గ్యాసు బండ 30. లోపల గ్యాసు 14.2 కిలోలే అయినా ఇనుముతో కలిపి అంతవుతుంది. బరువు మాట అటుంచి, మనుషులు కూర్చున్న మూసిన బండిలో, ఎండలో, గ్యాసు బండ పెట్టుకోవడమే పెద్ద తప్పు. అన్నీ దిగాక ఖాళీ క్యారియరు ఎందుకని అదీ విప్పేశాం, 20. చంటివాడి సీటు మళ్లీ బిగించి, దాని బరువుకు సరిపడా చిరుతిళ్లు తగ్గించాం. ఆ తగ్గింపు దగ్గర మాత్రం మా ఆవిడకూ వియ్యపురాలికీ ఏకాభిప్రాయం కుదరడానికి కొంచెంసేపు పట్టింది. వంట తిరుపతిలోనే ఒక వంటాయనకు ఫోనులో పురమాయించాం. ఇక్కణ్ణుంచి బియ్యం మోసుకెళ్లి అక్కడ వండాలన్న ఆలోచన ఎడ్లబండి కాలంనాటిదని మా ఆవిడే ఒప్పుకుంది.

అండా దింపుతుంటే చిన్నమ్మ వాకిట్లోనే నిలబడి ఉంది. "నా దగ్గర ఉండనీ నాయనా, మీరు పోయి రాండి" అని ఎడమ చేత్తో దాని అంచు పట్టుకుని లోపలికి జరుపుకుంది.

మళ్లీ కాటా. మొత్తం 1,760. ముందు 790, వెనక 970. హద్దుకు ఇంకా పాతిక కిలోలు లోపలే.

వేబ్రిడ్జి దగ్గరలో లేనివాళ్లకు ఇంట్లోనే ఒక ఉపాయం ఉంది. బరువు చూసుకునే మిషను మీద ముందు మీరొక్కరే నిలబడండి, తర్వాత సూట్‌కేసు పట్టుకుని నిలబడండి. తేడా రాసుకోండి. ఇలా ఒక్కొక్కటీ కలుపుకుంటూ పోతే కాగితం మీద మొత్తం వస్తుంది. ముందు వెనక ఇరుసుల లెక్క మాత్రం దీంతో తేలదు.

అద్దె బండి అయితే బాధ్యత డ్రైవరుదే అని వదిలేయకండి. అనుమతించిన సంఖ్యకు మించి మనుషులను ఎక్కిస్తే తలకు 200 రూపాయల జరిమానా అని 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టంలో ఉంది. ఆ రెండు వందలకు ఎవరూ భయపడరని నాకూ తెలుసు. ఎక్కించవద్దని డ్రైవరుకు గట్టిగా చెప్పవలసింది బండి మాట్లాడిన ఇంటి పెద్దే. ఘాటు దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దిగమని కూడా చెప్పాలి, ఇంజను పట్టు ఉంటే బ్రేకులు కాగవు.

ఈమధ్య పడకలూ వంటగదీ ఉన్న కారవాన్ బళ్లు కూడా అద్దెకు వస్తున్నాయి. కేరళ, మహారాష్ట్ర ప్రభుత్వాలు 2021లో వీటికోసం ప్రత్యేక విధానాలే తెచ్చాయి. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లిన మన పెద్దలు ఆర్‌వీ అనే ఈ ఇల్లుబండిలో తిరిగివచ్చి ఫోటోలు చూపిస్తుంటారు. అందులో మనుషులూ సామానూ కలిసి ఇంతకు మించకూడదని చీటీ అంటించి ఉంటుంది. అక్కడ లారీలు ఆగే చోట్ల ఇరుసు ఇరుసుకూ విడివిడిగా తూకం వేసి చీటీ ఇచ్చే కాటాలున్నాయి. ఇల్లుబండిలో మోసం చేసేది నీళ్ల ట్యాంకు. నూరు లీటర్లు నింపితే నూరు కిలోలు. వాడిన నీళ్లు ఇంకో ట్యాంకులో చేరతాయే గాని బరువు ఎక్కడికీ పోదు, పారబోసేదాకా మనతోనే ఉంటుంది. అలమరలు ఖాళీగా కనిపిస్తున్నాయని అన్నీ నింపేయడం రెండో పొరపాటు.

మా ప్రయాణం సంగతి చెప్పి ముగిస్తాను. రెండు గంటలు ఆలస్యంగా బయల్దేరినా దర్శనం వేళకు అందుకున్నాం. మొగిలి ఘాటు దిగేటప్పుడు మా అబ్బాయి నేను చెప్పకముందే గేరు తగ్గించాడు. బుడ్డోడు తన సీటులో నిద్రపోతూనే ఉన్నాడు. తిరుగు ప్రయాణంలో చిత్తూరులో చుట్టాలు రెండు బుట్టల మామిడిపళ్లు తెచ్చి గుమ్మంలో పెట్టారు, ఒక్కొక్కటి ఇరవై కిలోలు. కాదంటే నొచ్చుకుంటారు. ఎలాగా అని నేను ఆలోచిస్తుంటే మా అబ్బాయి జేబులోంచి కాటా చీటీ తీసి వేళ్లమీద లెక్కపెట్టాడు. "హద్దుకు పాతిక మిగిలింది, నీళ్ల క్యాను ఖాళీ అయింది కాబట్టి ఇంకో ఇరవై. రెండు బుట్టలూ పడతాయి నాన్నా, లడ్లకు అయిదు కిలోలు మిగులుతుంది." బుట్టలు రెండూ మధ్య సీటు వెనక నేలమీద పెట్టి, తాడు తనే బిగించాడు. పలమనేరులో టీకి ఆగినప్పుడు మళ్లీ లాగి చూశాడు.